నిజాంపూర్, బూరుగుపల్లి, చేర్యాల: బొమ్మ ఎక్కడ మొదలైంది?



తోట వైకుంఠం గీసిన స్త్రీని ఒకసారి చూసినవాళ్లు, రెండోసారి సంతకం వెతక్కుండానే గుర్తుపడతారు. నల్లని ఒళ్లు. నుదుట రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. ముక్కుకు పుడక, కొప్పులో పూలు, పెద్ద అంచున్న ముదురు ఎర్ర చీర. ఒక్కోసారి చేతి మీద చిలుక. పక్కన మగమనిషి ఉంటే తెల్లటి పంచె, భుజాన కండువా, నుదుట బొట్టో నామమో ఉంటాయి. వెనక ఇల్లు గానీ చెట్టు గానీ కనిపించడం తక్కువ. బొమ్మంతా మనుషులే నిండిపోయి ఉంటారు.

ఈ స్త్రీ ఎవరని అడిగినవాళ్లకు వైకుంఠం ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన జవాబు ఒకటే. ఆమె తన తల్లి, తన ఊరి ఆడవాళ్లు. ఆయన 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. చిన్నతనంలో ఊరికి నాటకాలవాళ్లు వచ్చేవారు. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టేవారు. ఆ వేషగాళ్లను చూడటం తన మీద గట్టి ముద్ర వేసిందని ఆయన చెప్పుకున్నారు. మగవాడు ఆడమనిషిగా కనబడాలంటే కాటుక, బొట్టు, నగలు, చీర కుచ్చిళ్లు అన్నీ ఒక పిసరు ఎక్కువే ఉండాలి. చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా అవి కనబడాలి. వైకుంఠం బొమ్మల్లోని ఆ నిండుదనం ఎక్కడిదో ఈ మాట విన్నాక కొంత అర్థమవుతుంది.

అయితే ఇక్కడొక సంగతి ఆలోచించాలి. ఆ తల్లిలాంటి తల్లులు తెలంగాణలో లక్షలమంది ఉన్నారు. ఆ నాటకాలు చూసిన పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లందరూ చిత్రకారులు కాలేదు. కళాకారుడు తన ప్రేరణ గురించి చెప్పేటప్పుడు ఆ మాట చాలా చిన్నదిగా ఉంటుంది. అమ్మ, ఊరు, నది, జాతర అంటాడు. అది నిజమే. కానీ ఆ చిన్న మాటకూ గోడ మీద వేలాడే బొమ్మకూ మధ్య ఎన్నో ఏళ్ల పని ఉంటుంది. చేతిలో ప్రతిభ ఉందని ఎవరు గుర్తించారు? ఏ సరుకు ఆ చేతికి కుదిరింది? ఎన్ని బొమ్మలు గీసి పక్కన పెట్టాక సొంత బొమ్మ దొరికింది? మన చిత్రకారుల జీవితాల్లో అసలు కథ ఈ మధ్య భాగంలోనే ఉంది. ఈ రోజు మన ప్రసంగం దాని గురించే.

వైకుంఠం హైదరాబాద్‌లోని ప్రభుత్వ లలితకళల కళాశాలలో చదువుకున్నారు. 1970ల మొదట్లో బరోడాలోని మహారాజా శాయాజీరావు విశ్వవిద్యాలయానికి వెళ్లి కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర శిక్షణ పొందారు. ఈనాడు మనకు తెలిసిన 'వైకుంఠం స్త్రీ' మాత్రం అప్పుడే పుట్టలేదు. ఆమె నిలదొక్కుకుని పేరు తెచ్చుకునే సరికి ఆయన నలభైల్లోకి వచ్చారు. బొగ్గుతో గీత మీద పట్టు సంపాదించారు. ఆ తర్వాత రంగుల్ని తగ్గించుకుంటూ వచ్చారు. రెండు రంగులు కలిపి పుట్టించిన రంగు తనకు నచ్చదని, చుట్టూ ప్రకృతిలో కనిపించే నిండు రంగులే కావాలని ఆయన చెప్పారు. అందుకే ఆ ఎరుపు, ఆ పసుపు, ఆ కాషాయం అంత గట్టిగా పలుకుతాయి.

మధ్యలో సినిమా కూడా ఒక మజిలీ అయింది. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి'కి వైకుంఠం కళా దర్శకత్వం చేశారు. దొరల కాలపు గడి, అందులో వెట్టి బతుకు బతికే ఆడమనిషి ఆ సినిమా కథ. ఏ గదిలో ఏ పాత్ర ఉండాలి, గోడకు ఏ రంగు ఉండాలి అన్నది పుస్తకం చూసి తేల్చుకునేది కాదు. ఆ పనికి ఆయనకు జాతీయ పురస్కారం వచ్చింది. చిన్నప్పటి ఊరు అక్కడ చీరలోనే కాదు, గోడల్లో, గిన్నెల్లో, నీడల్లో కూడా పనికొచ్చింది.

ఇప్పుడు ఉమ్మడి మెదక్ జిల్లా నిజాంపూర్‌కు వెళదాం. కలాల్ లక్ష్మా గౌడ్ 1940లో అక్కడ పుట్టారు. తోలుబొమ్మలాటలు, మట్టి పనులు చూస్తూ పెరిగారు. ఆయన కూడా హైదరాబాద్ కళాశాలలో చదివి, 1963లో బరోడా వెళ్లి మ్యూరల్, ప్రింట్‌మేకింగ్ నేర్చుకున్నారు. గురువు మళ్లీ కె.జి. సుబ్రమణ్యనే. చదువు ముగించుకుని ఊరికి తిరిగి వచ్చాక, అంతకుముందు రోజూ చూసిన ఊరే ఆయనకు కొత్తగా కనిపించింది. పట్నంలో మాట్లాడటానికి జంకే విషయాలు ఊళ్లో జనం నిస్సంకోచంగా మాట్లాడుకుంటారు. స్త్రీ పురుషుల ఆకర్షణ, పశువు, చెట్టు, రాయి, అన్నీ ఒకే బతుకులో కలిసి ఉంటాయి. లక్ష్మా గౌడ్ తొలినాళ్ల బొమ్మల్లో ఈ కలయికే ఉంటుంది. మనిషి ఒంట్లోంచి కొమ్మలు మొలుస్తాయి. మేకలు మనుషుల్లా చూస్తాయి. ఆ బొమ్మలు కొందరిని ఇబ్బంది పెట్టాయి కూడా. ఆయన మాత్రం తాను చూసిన పల్లెను కడిగి, పౌడరు రాసి చూపించడానికి ఒప్పుకోలేదు.

ఆ పల్లెను చెప్పడానికి ఆయన ఎంచుకున్న సాధనాల్లో ముఖ్యమైనది ఎచింగ్. ఇది ఎలా జరుగుతుందో ఒకసారి దగ్గర నుంచి చూద్దాం. ముందు ఒక జింక్ రేకును మచ్చ లేకుండా తోముతారు. దాని మీద మైనం, తారులాంటి పదార్థాలు కలిపిన నల్లటి పూత పలుచగా పూస్తారు. పూత ఆరాక, సూదితో బొమ్మ గీస్తారు. సూది రేకును కోయదు. పూతను మాత్రమే చీల్చి, కింది లోహం కనబడేలా చేస్తుంది. తర్వాత ఆ రేకును నైట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో ఉంచుతారు. పూత ఉన్నచోట యాసిడ్ ముట్టుకోదు. గీత ఉన్నచోట లోహాన్ని తింటూ పోతుంది. గీత మీద సన్నటి బుడగలు లేస్తుంటే, వాటిని ఈకతో తుడుస్తూ కాపలా కాయాలి. తొందరగా తీస్తే గీత పేలవంగా ఉంటుంది, ఆలస్యమైతే బండబారిపోతుంది.

అంతటితో పని అయిపోదు. పూత కడిగేసి, రేకంతా సిరా పట్టించి, పలుచని గుడ్డతో పైపైన తుడుస్తారు. పల్లంలో ఉన్న సిరా మాత్రం గీతల్లో నిలుస్తుంది. తడిపి, పైన నిలిచిన నీటిని అద్ది తీసిన మందపాటి కాగితాన్ని దాని మీద పరిచి, బరువైన రోలర్ల మధ్య నుంచి ప్రెస్సులో తిప్పుతారు. కాగితం లేపినప్పుడు మొదటిసారి బొమ్మ కనిపిస్తుంది, అదీ కుడి ఎడమలు తారుమారై. రేకు మీద ఎడమ వైపు చూసిన మేక కాగితం మీద కుడి వైపు చూస్తుంది. ఇదంతా మనసులో లెక్క వేసుకుని గీసేవాడికే ఎచింగ్ లొంగుతుంది. ముళ్లకంపలు, ఎండిన కొమ్మలు, గుట్టలు, బండల మధ్య బతుకు, వీటిని చెప్పడానికి యాసిడ్ తిన్న ఆ సన్నని, గరుకైన గీత ఎంత చక్కగా సరిపోయిందో లక్ష్మా గౌడ్ ప్రింట్లు చూస్తే తెలుస్తుంది. తర్వాతి కాలంలో ఆయన రంగుల్లోకి వచ్చారు. అద్దం వెనక బొమ్మలు వేశారు, కంచు పోతపోశారు, మట్టిని కాల్చారు. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు స్కూల్‌లో ఎందరికో పాఠం చెప్పారు. 2016లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇద్దరి కథలోనూ ఒకే గురువు కనిపించడం యాదృచ్ఛికం కాదు. కె.జి. సుబ్రమణ్యన్ కేరళలో పుట్టి, శాంతినికేతన్‌లో నందలాల్ బోస్, వినోద్ బిహారీ ముఖర్జీ, రామ్‌కింకర్ బైజ్‌ల దగ్గర నేర్చుకున్నవారు. కుమ్మరి చేసిన బొమ్మకూ చిత్రకారుడు వేసిన కాన్వాసుకూ మధ్య గోడ కట్టడం ఆయనకు ఇష్టం లేదు. బరోడాలో విద్యార్థులు, అధ్యాపకులు కలిసి జరిపే ఫైన్ ఆర్ట్స్ ఫెయిర్ కోసం తానే చెక్క బొమ్మలు, ఆటవస్తువులు చేసేవారు. లక్నోలోని రవీంద్రాలయం గోడ మీద కాల్చిన మట్టి పలకలతో పెద్ద మ్యూరల్ కట్టారు. అలాంటి గురువు దగ్గరికి చేరిన తెలంగాణ పల్లె కుర్రాడికి ఒక ధైర్యం వస్తుంది. ఊళ్లో తాను చూసిన తోలుబొమ్మ, చీర అంచు, మట్టి పాత్ర సిగ్గుపడి దాచుకోవలసినవి కావని, చదువులో భాగమేనని నమ్మకం కుదురుతుంది. వైకుంఠానికీ లక్ష్మా గౌడ్‌కీ బరోడా ఇచ్చిన గొప్ప వరం ఇదే. ఒకే గురువు శిష్యులైనా ఇద్దరి బొమ్మల్లో పోలిక లేదన్నది ఆ గురువుకు దక్కాల్సిన మెప్పు.

గుర్తించే మనిషి ఒకరు ఉండటం ఎంత పెద్ద విషయమో తెలియాలంటే ఇంకా వెనక్కి, గోదావరి ఒడ్డుకు వెళ్లాలి.

దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టారు. ఆయన కుర్రాడిగా ఉన్న రోజుల్లో అక్కడి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు. ఆయన స్వయంగా బొమ్మలు వేసేవారు, కవి, రచయిత. రాజమండ్రి కుర్రాళ్లలో కళాభిరుచి ఉన్నవాళ్లను దగ్గరకు తీశారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. రామారావు చేతిలోని గీతను చూసిన కూల్డ్రే, ఈ అబ్బాయి ఇక్కడ ఉండకూడదని నిశ్చయించి 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించారు. కాలేజీ ప్రిన్సిపాల్ ఒక విద్యార్థిని మార్కుల పట్టీ పక్కన పెట్టి కుంచె వైపు నడిపించడం ఈ రోజుకీ అరుదే. నూరేళ్ల కిందట ఆ పని జరిగింది.

రామారావు బొంబాయిలో పాశ్చాత్య పద్ధతిలో శరీర నిర్మాణం, వెలుగు నీడలు నేర్చుకున్నారు. అదే సమయంలో భారతీయ సంప్రదాయంలోని రేఖను వదులుకోలేదు. ఆయన 'పుష్పాలంకరణ', 'సిద్ధార్థ రాగోదయం', 'నంది పూజ' చూస్తే ఈ రెండూ ఒకదాన్నొకటి తోసుకోకుండా ఒదిగి కనిపిస్తాయి. మనుషుల ఒంట్లో బరువు ఉంటుంది, కానీ గీత మాత్రం తేలిగ్గా ప్రవహిస్తుంది. బెంగాల్ చిత్రకారుల పేరు దేశమంతా మారుమోగుతున్న రోజులవి. వాళ్లను అనుకరించకుండా ఆంధ్రకు తనదైన చిత్రకళ ఉండాలన్నది రామారావు పట్టుదల. 1923లో రాజమండ్రిలోనే చిత్రకళాశాల మొదలుపెట్టారు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఒక ఇంట్లో ఆడవాళ్లు చిత్రకారిణులుగా ఎదగడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు.

1925 ఫిబ్రవరిలో మశూచి సోకి రామారావు కన్నుమూశారు. ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ పాఠశాల బాధ్యత నెత్తికెత్తుకున్నారు. రామారావు బొమ్మలు చెల్లాచెదురు కాకుండా మనకు మిగిలాయంటే కుటుంబమూ, ఆ స్నేహితులూ పడిన తపనే కారణం. రాజమండ్రిలో ఆయన పేరు మీద ఉన్న ఆర్ట్ గ్యాలరీలో వాటిని నేటికీ చూడవచ్చు. గోదావరి పుష్కరాలకు వెళ్లిన కుటుంబాలు, కాటన్ మ్యూజియం చూసిన స్కూలు పిల్లలు ఈ గ్యాలరీకి కూడా ఒక గంట కేటాయిస్తే బాగుంటుంది.

అందరూ బొంబాయి, బరోడా వెళ్లాల్సిందేనా అంటే, సిద్దిపేట కాపు రాజయ్య జీవితం వేరే దారి చూపిస్తుంది. 1925లో పుట్టిన రాజయ్య, పేరు వచ్చాక కూడా సిద్దిపేటను వదలలేదు. బతుకమ్మ ఆడేవాళ్లు, బోనాలు ఎత్తేవాళ్లు, గొల్లలు, వడ్డెర స్త్రీలు, ఎల్లమ్మ జోగిని, వీళ్లే ఆయన బొమ్మల్లోని మనుషులు. టెంపెరా పద్ధతిలో చదునుగా, మెరుపు లేకుండా కూర్చునే రంగులు, గట్టి నల్లటి గీత ఆయనవి. ఆ గీతకు, ఆ రంగులకు మూలం వెతికితే ఇరుగుపొరుగునే ఉన్న నకాశీ చిత్రకారుల దగ్గరికి చేరతాం.

నకాశీల ఊరు చేర్యాల. ఇప్పుడది సిద్దిపేట జిల్లాలోనే ఉంది. అక్కడి కళాకారుడిని ప్రేరణ గురించి అడిగితే కథ ఇంకో తీరుగా మొదలవుతుంది. అతనికి బొమ్మ వేయమని చెప్పేది అతని మనసు కంటే ముందు, కథ చెప్పుకునే కులాలవాళ్లు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, ఇలా ఒక్కొక్కరికీ ఒక్కో కథ, ఒక్కో పటం కావాలి. పటం అంటే పదుల అడుగుల పొడవున చుట్టగా చుట్టే గుడ్డ. కథకుడు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, బొమ్మ వెంట బొమ్మ చూపిస్తూ, రాత్రుల తరబడి కథ నడిపిస్తాడు. ముందు వినాయకుడు, ఆ తర్వాత సరస్వతి, ఆపైన కథ. ఏ పాత్ర ఏ రంగులో ఉండాలో, ఎవరి పక్కన ఎవరు నిలబడాలో తరాలుగా ఖరారై ఉంటుంది.

మరి అలాంటి పనిలో కళాకారుడి సొంతం ఏముంటుంది? గుడ్డ తయారీ నుంచే చాలా ఉంటుంది. ఖద్దరు బట్టకు గంజి పెడతారు. సుద్దమట్టి, చింతగింజల పిండి ఉడికించి చేసిన జిగురు, తుమ్మబంక కలిపి పూతలు పూస్తారు. ఒక పూత ఆరాకే ఇంకొకటి. పూత మందమైతే చుట్టినప్పుడు పగిలి రాలిపోతుంది, పలుచనైతే రంగు ఇంకిపోతుంది. ఆ తేడా వేలికి తెలియాలి. పాతకాలంలో ఎరుపుకు ఇంగిలీకం, నలుపుకు దీపం మసి వాడేవారు. ఉడుత వెంట్రుకలతో కుంచెలు కట్టుకునేవారు. నేల అంతా ఎరుపు. ఆ ఎరుపు మీద దేవతలు, రాజులు, ఆవులు, చాకలి బానలు, కల్లు కుండలు. పురాణ కథ జరుగుతున్నా మనుషులు కట్టుకున్న బట్ట, ఊడుస్తున్న వాకిలి తెలంగాణ పల్లెవే. నకాశీ చిత్రకారుడి సొంత చూపు అక్కడ బయటపడుతుంది.

కథకులు తగ్గారు. పటం చెప్పించుకునే ఊళ్లూ తగ్గాయి. అందుకే చేర్యాల కుటుంబాలు పొడవాటి పటంలోని ఒక్కో ఘట్టాన్ని విడిగా చట్రంలో ఇమిడే బొమ్మగా వేయడం నేర్చుకున్నాయి. రంపపు పొట్టు, చింతగింజల ముద్దతో ముఖాలు, కొయ్య బొమ్మలు చేసి అమ్ముతున్నాయి. కొనేవాళ్లు మారినప్పుడు బొమ్మ కొలతలు మారాయి, ఎర్ర నేల స్థానంలో అక్కడక్కడా ఇతర రంగులూ వచ్చాయి. ఒక సంప్రదాయ కళాకారుడి ప్రస్థానం అంటే ఇలాంటి నిర్ణయాలే.

శ్రీకాళహస్తి కలంకారీదీ ఇంచుమించు ఇలాంటి చరిత్రే. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ఆ పని తెలిసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో 1950ల చివర్లో అక్కడ ప్రభుత్వ శిక్షణ మొదలైంది. ఆ తరంలో తయారై, తర్వాత ఎందరికో నేర్పిన జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ వచ్చింది. కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టిన బట్ట మీద వెదురు కలంతో గీసే ఆ గీతను దిద్దుకునే వీలు లేదు. ఇనుప ముక్కలు, బెల్లం పులియబెట్టి చేసిన కసిమి బట్టను తాకగానే కరక్కాయతో కలిసి నల్లబడిపోతుంది. ఆ భయం పోవడానికే శిష్యులకు చాలాకాలం పడుతుంది.

ఊరు, పురాణం, సంప్రదాయం అని ఇంతసేపూ చెప్పుకున్నాం. వాటితో పనిలేని ప్రేరణలూ ఉన్నాయి. మధిరలో 1940లో పుట్టిన సూర్యప్రకాష్ హైదరాబాద్‌లో చదివి, ఢిల్లీలో చిత్రకారుడు రామ్‌కుమార్ దగ్గర పనిచేశారు. ఆయనకు పేరు తెచ్చిన తొలి బొమ్మలు పాడైపోయి తుప్పుపట్టిన మోటారు కార్లు. తుక్కు కింద పడేసిన ఇనుములో ఎండ పడినప్పుడు కనిపించే రంగుల్ని ఆయన పట్టుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో ఆకులు, నీళ్లు, నీళ్ల మీద పడే వెలుగు ఆయన వస్తువులయ్యాయి. తుప్పు నుంచి నీటి దాకా ఆయన వదలని విషయం ఒకటే, వెలుగు తగిలినప్పుడు ఒక ఉపరితలం ఎన్ని రంగులు మారుతుందన్నది. దానికి కన్ను పెట్టుకుని చూసే ఓపిక కావాలి. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఆయన ఏళ్ల తరబడి ఆస్థాన చిత్రకారుడిగా ఉండటం కూడా చెప్పుకోదగిన విషయమే.

మరి మన తెలుగు ఇళ్లలో చాలామందికి మొదటి గ్యాలరీ ఏది? చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలపై వడ్డాది పాపయ్య రంగులు, వారపత్రికల్లో బాపు గీతలు. వాటిని చూసి పలకల మీద, నోటుపుస్తకాల వెనక గీసిన పిల్లల్లో కొందరు డ్రాయింగ్ మాస్టర్లయ్యారు, కొందరు సైన్‌బోర్డులు రాశారు, సినిమా కటౌట్లు వేశారు. వాళ్లలో చాలామంది గురించి ఎక్కడా ఒక్క వ్యాసం కూడా లేదు. ఫ్లెక్సీలు వచ్చాక చేతి రాతకు గిరాకీ పోయి, కుంచెలు మూలపడేసినవాళ్లు మన ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. వాళ్లకూ ఒక గురువు, ఒక మొదటి బొమ్మ, ఒక మెళకువ ఉంటాయి.

చిత్రకళ చదివే విద్యార్థులకు, ఉపాధ్యాయులకు, పత్రికలకు రాసే యువతకు ఒక విన్నపం. మీ ఊళ్లో ఉన్న పెద్ద వయసు చిత్రకారుడి దగ్గరికి సెలవుల్లో వెళ్లండి. మీకు ప్రేరణ ఎవరని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోకండి. మొదటి కుంచె ఎవరు కొనిచ్చారు, రంగు ఏ కొట్లో తెచ్చేవారు, ధర ఎంత, జిగురు ఎలా కాచేవారు, ఏ బొమ్మ కుదరక చింపేశారు, మొదటి డబ్బు ఎవరిచ్చారు, ఎందుకు మానేశారు లేదా ఎందుకు మానలేదు, ఇవన్నీ అడగండి. వాళ్లు చేత్తో చూపిస్తుంటే ఆ చేతిని ఫోటో తీయండి. రికార్డు మొదలుపెట్టే ముందు ఆయన పేరు, ఊరు, ఆనాటి తేదీ స్పష్టంగా చెప్పించండి. ఒక ప్రతి ఆ కుటుంబానికి ఇవ్వండి, ఒకటి ఊరి గ్రంథాలయంలో ఉంచండి.